వెబ్‌సైటు ఇచ్చే చీటీ ఎవరిది? – కుకీల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో కుకీల ప్రస్తావన తరచుగా ఉంటున్నది. కొందరు వాటికి భయపడుతున్నారు, కొందరు విసుగు చెందుతున్నారు, ఇంకొందరు ఎవరో చెప్పారని ఫోనులో ఉన్నవన్నీ తుడిచేసి తర్వాత ఇబ్బంది పడుతున్నారు. ఆ ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఫోనులో ఏ పత్రిక తెరిచినా, ఏ దుకాణం తెరిచినా పేజీ అడుగున ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చి, కుకీలకు అంగీకరిస్తున్నారా అని అడుగుతున్నది. అది తొలగితే తప్ప చదవడానికి వీలుపడదు కనుక ‘అన్నిటికీ అంగీకారం’ అని నొక్కేస్తున్నాను. నా ఉద్యోగ జీవితంలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఒక్కటీ లేదు. ఇప్పుడు నేను దేని మీద సంతకం పెడుతున్నట్టు? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: సంతకం అని మీరు సరైన మాటే వాడారు. దేని మీద పెడుతున్నారో తెలియాలంటే ముందుగా కుకీ ఎందుకు పుట్టిందో తెలియాలి.

వెబ్‌సైటుకు స్వతహాగా జ్ఞాపకం లేదు. మీ బ్రౌజరు, అంటే ఫోనులో వెబ్ పేజీలు తెరిచే యాప్, ఒక పేజీ అడుగుతుంది, అవతలి సర్వరు, అంటే ఆ సైటును నడిపే కంప్యూటరు, దాన్ని పంపుతుంది, అక్కడితో ఆ పరిచయం ముగిసిపోతుంది. మరుక్షణం మీరు రెండో పేజీ అడిగినా సర్వరుకు మీరు కొత్త మనిషే. పేజీలు చదువుకోవడానికి ఇది సరిపోతుంది కాని, దుకాణం నడపడానికి సరిపోదు, ఎందుకంటే బుట్టలో వేసిన వస్తువు పేజీ మారగానే ఎవరిదో తెలియకుండా పోతుంది. 1994లో బ్రౌజరు తయారుచేసే నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ అనే ప్రోగ్రామరు ఈ చిక్కు విప్పడానికి ఒక ఉపాయం ఆలోచించాడు. సర్వరు ఒక చిన్న చీటీ రాసి బ్రౌజరు చేతికి ఇస్తుంది, బ్రౌజరు దాన్ని దాచుకొని, అదే సైటుకు మళ్లీ వెళ్లిన ప్రతిసారీ చూపిస్తుంది. ప్రోగ్రాముల మధ్య చేతులు మారే ఇలాంటి గుర్తును యూనిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థ మీద పనిచేసేవాళ్లు అప్పటికే ‘మ్యాజిక్ కుకీ’ అనేవారు; ఆ మాటే కుదించి కుకీ అన్నారు.

చైత్ర మంగళవారాల్లో తారాతారిణి కొండకు వెళ్లేవారికి చెప్పుల స్టాండు సంగతి చెప్పనక్కరలేదు. స్టాండు మనిషికి మీ పేరు తెలియదు, ఊరు తెలియదు. చెప్పులు తీసుకొని, ఒక అంకె ఉన్న టోకెను ఇస్తాడు. దర్శనం చేసుకొని వచ్చి ఆ టోకెను చూపితే మీ జత మీకు వస్తుంది. కుకీలో ఉండేది కూడా సాధారణంగా అటువంటి అంకే, లేదా ఏ భాష ఎంచుకున్నారన్నటువంటి చిన్న సమాచారం. అసలు వివరాలు స్టాండులో, అంటే ఆ సంస్థ సర్వరులో ఉంటాయి. ఒక సైటు ఇచ్చిన టోకెనును బ్రౌజరు ఇంకో సైటుకు చూపదు. ఇది మొదటి నుంచీ ఉన్న నియమం. ఇంతవరకు ఉన్నదాన్ని ‘సొంత కుకీ’ అనుకుందాం. దీనివల్ల మీకు కీడు లేదు, పైగా ఇది లేకపోతే బ్యాంకు సైటు పేజీ పేజీకీ మిమ్మల్ని పాస్‌వర్డు అడగవలసి వస్తుంది.

ఇబ్బంది మరో చోట ఉంది. తారాతారిణిలోనూ, బరంపురం బుఢీ ఠాకురాణి గుడిలోనూ, రాయగడ మజ్జిగౌరి గుడిలోనూ చెప్పుల స్టాండు ఒకే గుత్తేదారు చేతిలో ఉండి, అతడు మీకు మొదటి గుడిలో ఇచ్చిన టోకెనునే అన్ని చోట్లా చూపమంటున్నాడని అనుకోండి. అతడికి మీ పేరు ఇప్పటికీ తెలియదు. కాని ఈ అంకె గల మనిషి ఏ రోజు ఏ గుడికి వెళ్లాడో, ఎంతసేపు ఉన్నాడో, ఏ జత చెప్పులు వేసుకున్నాడో అతడి పుస్తకంలోకి ఎక్కుతుంది. వెబ్‌సైటులో ప్రకటనల కోసం, సందర్శకుల లెక్కల కోసం వేరే సంస్థల ప్రోగ్రాము తునకలు అతికించి ఉంటాయి. మీరు చదివే పత్రిక ఒకటే అయినా, మీ బ్రౌజరు ఆ పేజీని నింపడానికి పత్రికతో పాటు ఆ ఇతర సంస్థలనూ పలకరిస్తుంది, అవి కూడా తమ టోకెన్లు ఇస్తాయి. వీటినే థర్డ్ పార్టీ కుకీలంటారు. పెట్టెలో మీరు ‘అన్నిటికీ అంగీకారం’ నొక్కినప్పుడు, పత్రికకు మాత్రమే కాక, దాని వెనక ఉన్న గుత్తేదారులందరికీ కలిపి సంతకం పెడుతున్నారు. కొన్ని సైట్లలో ఆ భాగస్వాముల జాబితా తెరిచి చూస్తే వందల పేర్లు కనిపిస్తాయి.

ఆ పెట్టె రావడానికి ఎక్కువగా కారణం ఐరోపా చట్టాలు. అక్కడ 2009లో సవరించిన నియమం ప్రకారం తప్పనిసరి కాని కుకీలకు ముందుగా అనుమతి అడగాలి; 2018 మే 25 నుంచి అమలైన వ్యక్తిగత డేటా చట్టం ఆ అనుమతికి కొలతలు బిగించింది; ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తీర్పు చెప్పింది. అన్ని దేశాల వారికీ ఒకే సైటు నడిపే సంస్థలు అదే పెట్టెను మనకూ చూపిస్తున్నాయి.

ఇక మీరు చేయవలసింది: ‘అన్నిటికీ నిరాకరణ’ అనే మీట కనిపిస్తే నిస్సంకోచంగా దాన్నే నొక్కండి, పత్రిక చక్కగా తెరుచుకుంటుంది, తప్పనిసరి కుకీలు ఎలాగూ ఉంటాయి. ఆ మీట లేకుండా ‘సెట్టింగులు’ అని మాత్రమే ఉంటే లోపలికి వెళ్లి ప్రకటనలు, గణాంకాలు అన్న వరుసలు ఆపి, ‘నా ఎంపికను భద్రపరచు’ అనండి. లోపల ‘న్యాయమైన ప్రయోజనం’ అనే అర్థం వచ్చే మరో విభాగం ఉండి, అందులో మీటలన్నీ ముందే వేసి ఉండవచ్చు, వాటినీ ఆపాలి. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి నాలుగు పేజీలు పెట్టడం సందర్శకుడి ఓపికతో ఆడుకోవడమే. దీన్ని నేను అన్యాయంగానే భావిస్తాను. అందుకే ప్రతి పెట్టెతోనూ విడివిడిగా తలపడటం కంటే బ్రౌజరులోనే ఒకసారి తలుపు వేయడం మేలు. ఆ పద్ధతి తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి పట్టుచీరల కోసం ఒక సైటులో రెండు రోజులు వెతికాను. ఆ తర్వాత వంటల పేజీ తెరిచినా, వార్తలు తెరిచినా అవే చీరలు. మా అబ్బాయి ఫోనులో కూడా వస్తున్నాయి. మా ఇంట్లో మాటలు ఫోను వింటున్నదా? – ఒక గృహిణి, ఛత్రపురం

జవాబు: మాటలు వినవలసిన అవసరమే లేకుండా ఇది జరుగుతుందమ్మా. మీరు చీర చూసిన పేజీలో ప్రకటనల సంస్థ తునక ఒకటి ఉంటుంది. ఈ అంకె గల బ్రౌజరు ఈ ధరలో ఈ రంగు పట్టుచీర చూసి కొనకుండా వెళ్లిందని అది రాసుకుంటుంది. వంటల పేజీలో ప్రకటన కోసం ఖాళీగా వదిలిన చోటు కూడా అదే సంస్థ చేతిలో ఉంటే, మీరు ఆ పేజీ తెరవగానే అంకె చూసి గుర్తుపడుతుంది. ఆ ఖాళీ కోసం క్షణంలో చిన్న భాగమైనా గడవక ముందే వేలం జరుగుతుంది, చీరల దుకాణం పాడుకుంటుంది, మీకు అదే చీర కనిపిస్తుంది. అబ్బాయి ఫోనులో కనిపించడానికి సాధారణ కారణం, ఆ ఫోనులో కూడా మీ ఖాతాతోనే లాగిన్ అయి ఉండటం. పరికరాలు రెండైనా ఖాతా ఒకటే కనుక పద్దు కూడా ఒకటే అవుతుంది.

దీన్ని ఆపడంలో బ్రౌజర్లన్నీ ఒకే దారిలో లేవు. యాపిల్ వారి సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేస్తున్నది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లను, అంటే సైటు సైటుకూ మనల్ని వెంబడించే తునకలను, ఆపడం మొదలుపెట్టి, 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే విడిగా ఉంచుతున్నది. గుత్తేదారు గుడి గుడికీ వేరే టోకెను ఇవ్వక తప్పదన్నమాట. క్రోమ్ తయారీదారైన గూగుల్ 2020 జనవరిలో రెండేళ్లలో ఈ కుకీలను తీసేస్తామని ప్రకటించి, గడువు పొడిగిస్తూ వచ్చి, 2024 జులైలో ఆ ఆలోచననే విరమించుకున్నది. మన చేతుల్లో ఉన్న ఫోన్లలో ఎక్కువ భాగం ఆండ్రాయిడ్‌వే, వాటిలో బ్రౌజరు చాలావరకు క్రోమే. కనుక ఆ తలుపు మనమే వేసుకోవాలి.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు తాకి, సెట్టింగులలో ‘సైట్ సెట్టింగులు’, దానిలో ‘థర్డ్ పార్టీ కుకీలు’ తెరిచి, బ్లాక్ చేయమని ఎంచుకోండి. దీనివల్ల అరుదుగా ఏదో ఒక సైటులో వీడియో ఆడకపోవడమో, ఇంకో ఖాతాతో లాగిన్ కాలేకపోవడమో జరిగితే, ఆ ఒక్క సైటుకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. ఫైర్‌ఫాక్స్ వాడేవారు ‘గోప్యత, భద్రత’ విభాగంలో ‘కఠినం’ ఎంచుకోవచ్చు. ఐఫోనులో సఫారీ సెట్టింగులలో సైట్ల మధ్య ట్రాకింగును నిరోధించే మీట వేసి ఉందో లేదో చూడండి. సఫారీ సెట్టింగులలోనే కుకీలన్నిటినీ ఆపే మరో మీట కూడా ఉంటుంది, దాని జోలికి వెళ్లవద్దు, వెళితే చాలా సైట్లలో లాగిన్ కావడమే కుదరదు.

ఇది బ్రౌజరు సంగతి. దుకాణం యాప్‌లో చీరలు చూస్తే అక్కడ బ్రౌజరు కుకీలకు పని ఉండదు. ఫోనుకు ఉండే ప్రకటనల గుర్తింపు సంఖ్య ఆ పని చేస్తుంది. ఆండ్రాయిడ్ సెట్టింగులలో గూగుల్ విభాగంలోని ప్రకటనల పేజీలో ఆ సంఖ్యను తొలగించవచ్చు. ఐఫోనులో అయితే 2021 ఏప్రిల్ నుంచి ఆ సంఖ్యను వాడుకోదలచిన ప్రతి యాప్ మిమ్మల్ని అడిగి తీరాలి, వద్దనే చెప్పండి. ఇవన్నీ చేసినా ప్రకటనలు ఆగిపోవు. మీరు చూసిన చీర మాత్రం మీ వెంట తిరగడం బాగా తగ్గుతుంది. మీ ఖాతాతో ఉన్న అబ్బాయి ఫోనును విడిగా అతడి ఖాతాలోకి మార్చడం కూడా మరిచిపోకండి.

ప్రశ్న: నేను రాయగడలో కిరాణా వ్యాపారిని. నేను చూసే సైట్లలో కొన్ని ఒడియాలోనో హిందీలోనో తెరుచుకుంటాయి. తెలుగు ఎంచుకుంటాను, కొన్నాళ్లు బాగుంటుంది. నెల కిందట మా మనవడు కుకీలు ప్రమాదమని చెప్పి ఫోనులో అన్నీ తుడిచేశాడు. అప్పటి నుంచి తెలుగు పోయింది, లాగిన్‌లన్నీ పోయాయి. ఏది మంచిది? – ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఇది ప్రత్యేకమైన ఇబ్బంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. సైటు తెరిచినప్పుడు మీ ఐపీ చిరునామాను, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షనుకు ఉండే అంకెను, బట్టి అది మీరున్న ప్రాంతాన్ని సుమారుగా ఊహించుకుంటుంది. రాయగడ ఒడిశాలో ఉంది కనుక కొన్ని సైట్లు ఒడియా చూపిస్తాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో చిరునామాకు తెలియదు. మీరు తెలుగు ఎంచుకున్నప్పుడు ఆ ఎంపిక సైటు సొంత కుకీలో నమోదవుతుంది. మీ మనవడు దొంగ టోకెన్లతో పాటు ఆ మంచి టోకెనును కూడా పారేశాడు. అతడి ఉద్దేశం మంచిదే, పిల్లవాణ్ణి కోప్పడకండి.

అన్నీ తుడిచే బదులు, విసిగిస్తున్న సైటును మాత్రమే తుడవండి. క్రోమ్‌లో ఆ సైటు తెరిచి, పైన చిరునామాకు ఎడమ పక్కనున్న చిన్న గుర్తును తాకితే ఆ సైటు దాచిన కుకీల వివరం కనిపిస్తుంది, అక్కడే తీసేయవచ్చు. ఎప్పుడైనా అన్నీ తుడవవలసి వస్తే, ‘కుకీలు, సైటు డేటా’ అన్న గడికీ ‘భద్రపరచిన పాస్‌వర్డులు’ అన్న గడికీ తేడా గమనించండి; రెండోదానికి టిక్కు పెట్టకపోతే లాగిన్ అయినా మళ్లీ సులువుగా చేసుకోవచ్చు.

భాషకు ఇంతకంటే నిలకడైన ఉపాయం ఒకటి ఉంది. బ్రౌజరు ప్రతి సైటునూ అడిగేటప్పుడు, మా యజమానికి ఫలానా భాషలు ఈ వరుసలో ఇష్టమని ఒక మాట కూడా పంపుతుంది. క్రోమ్ సెట్టింగులలో ‘భాషలు’ తెరిచి తెలుగును చేర్చి, జాబితాలో అన్నిటికంటే పైకి తీసుకురండి. ఆ మాటను లెక్కచేసే సైట్లు కుకీ ఉన్నా లేకపోయినా తెలుగులోనే తెరుచుకుంటాయి. లెక్కచేయని సైట్లకు మాత్రం కుకీయే దిక్కు, వాటిని తుడవవద్దు.

ఒకవేళ ఏమీ తుడవకుండానే కొన్ని నెలల తర్వాత తెలుగు పోయిందంటే, ఆ కుకీకి కాలం తీరిందని అర్థం. ప్రతి కుకీకీ సైటు ఒక గడువు రాస్తుంది. ఎంత ఎక్కువ రాసినా 2022 నుంచి క్రోమ్ 400 రోజులకు మించి ఉంచదు.

ప్రశ్న: కుకీలు వైరసులా? ఫోను నెమ్మదించడానికి అవే కారణమా? – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: కాదు. కుకీ అనేది అక్షరాలు మాత్రమే. అది తనంతట తాను నడిచే ప్రోగ్రాము కాదు కనుక వైరసులా ఏ పనీ చేయలేదు. ఒక్కొక్కటి సుమారు 4,096 బైట్లకు మించదు. వేయి కుకీలు చేరినా మంచి ఫోటో ఒక్కటి ఆక్రమించేంత చోటు. ఫోను నెమ్మదికి కారణం వేరే చోట వెతకాలి.

ప్రశ్న: నేను గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు నెట్ సెంటరుకు వెళ్తుంటాను. మొన్న నా తర్వాత కూర్చున్న అమ్మాయి నా మెయిలు తెరిచి ఉందని చెప్పింది. నేను కిటికీ మూసే వచ్చాను. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే సరిపోతుందా? – ఒక విద్యార్థిని, గుణుపురం

జవాబు: చెప్పిన ఆ అమ్మాయికి మీరు కృతజ్ఞతలు చెప్పాలి. కిటికీ మూయడం వేరు, లాగౌట్ వేరు. మీరు లాగిన్ అయినప్పుడు సర్వరు ఇచ్చే టోకెను మీ పాస్‌వర్డుకు బదులుగా పనిచేస్తుంది. అది బ్రౌజరులో ఉన్నంతసేపూ ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా సర్వరు కంటికి మీరే. కొన్ని కుకీలు బ్రౌజరు మూయగానే పోవాలన్న నియమంతో వస్తాయి కాని, మూసినప్పుడున్న పేజీలే మళ్లీ తెరిచేలా బ్రౌజరును అమర్చి ఉంటే అవి కూడా తిరిగి బతుకుతాయి. లాగౌట్ నొక్కినప్పుడు మాత్రం సరిగ్గా కట్టిన సైటు తన పుస్తకంలో ఆ టోకెనునే కొట్టివేస్తుంది.

ఇన్‌కాగ్నిటో, అంటే చూసిన పేజీల జాడ ఆ బ్రౌజరులో మిగల్చని కిటికీ, మంచి అలవాటే. అందులో వచ్చిన కుకీలు, ఆ రకం కిటికీలన్నీ మూసిన తర్వాత తుడిచిపెట్టుకుపోతాయి. ఒక్కటి తెరిచి ఉన్నా పోవు. అయితే అది మిమ్మల్ని సైటు నుంచి గాని, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ నుంచి గాని దాచదు. ఆ కంప్యూటరులో మీటల నొక్కులను దొంగిలించే ప్రోగ్రాము ఉంటే దాన్నీ ఆపలేదు. కనుక నెట్ సెంటరులో దరఖాస్తు వరకే చేసుకొని, బ్యాంకు పనులు మీ సొంత ఫోనులో చేయడం క్షేమం.

మీరు ఇంజనీరింగ్ విద్యార్థిని కనుక ఇంకొకటి తెలుసుకోవాలి. దొంగలు ఈమధ్య పాస్‌వర్డు కంటే ఈ టోకెనునే ఎక్కువగా కోరుకుంటున్నారు, ఎందుకంటే ఓటీపీతో సహా అన్ని పరీక్షలూ దాటిన తర్వాతే అది పుడుతుంది, దాన్ని ఎత్తుకుపోతే వాళ్లను మళ్లీ ఓటీపీ అడగకపోవచ్చు. డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేరును ఉచితంగా ఇస్తామనే దొంగ ప్రతులలో ఇటువంటి దొంగతనపు ప్రోగ్రాములు దాగి వస్తుంటాయి. హాస్టలులో చేతులు మారే పెన్‌డ్రైవుల విషయంలో ఈ జాగ్రత్త చాలా అవసరం. ఇప్పుడు వెంటనే మీ ఫోనులో మెయిలు ఖాతా భద్రత పేజీ తెరిచి, ‘మీ పరికరాలు’ అన్న జాబితాలో ఆ నెట్ సెంటరు కంప్యూటరును లాగౌట్ చేసి, పాస్‌వర్డు మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబరు మోసాల సహాయవాణి 1930కి ఫోను చేయండి; ఆ సంఖ్య దేశమంతటికీ ఒకటే.

ప్రశ్న: మన దేశంలో దీనికి చట్టం లేదా? ఇంగ్లీషు నోటీసు చదవలేని మా అమ్మలాంటివారు ఎలా అంగీకరించినట్టు అవుతుంది? మా పిల్లలు కూడా అవే నొక్కుతున్నారు. – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నోటీసుకూ అంగీకారానికీ సంబంధించిన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు కనుక అవి 2027 మే నెలలో అమలులోకి రావాలి. చట్టంలో కుకీ అనే మాట ఎక్కడా లేదు. అయినా ఒక వ్యక్తిని గుర్తించడానికి వీలిచ్చే సమాచారమంతా వ్యక్తిగత డేటాయే కనుక, మనిషికి ముడిపడిన టోకెను దాని పరిధిలోకి వస్తుంది.

మీ అమ్మగారి గురించి అడిగిన దానికి ఈ చట్టంలో సూటి జవాబే ఉంది. అంగీకారం కోరే అభ్యర్థన స్పష్టమైన, సరళమైన భాషలో ఉండాలి. దాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది, ఒడియా ఉంది. ఏ రాష్ట్రంలో నివసిస్తున్నారన్న షరతు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు వచ్చిన ప్రాంతంలో ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు. సామాన్యుడికి అర్థమయ్యే తెలుగు కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది మీ పర్లాకిమిడిలో ఉంటూనే. ఆ నోటీసు తెలుగులో వచ్చినా, లాయర్లకు తప్ప అర్థం కాని తెలుగులో వస్తే చట్టం కోరిన సరళత నెరవేరినట్టు కాదని నా అభిప్రాయం.

ఇచ్చిన అంగీకారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఇవ్వడం ఎంత తేలికో తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని కూడా చట్టం చెబుతున్నది. పిల్లలంటే 18 ఏళ్లలోపువారు. వారి డేటా వాడుకోవడానికి తల్లి లేదా తండ్రి అంగీకారం ఉండాలి, వారి వెంటపడి అలవాట్లు గమనించడాన్నీ, వారిని గురిపెట్టి ప్రకటనలు వేయడాన్నీ చట్టం నిషేధించింది, కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. అప్పటిదాకా పిల్లల ఫోనులో థర్డ్ పార్టీ కుకీల తలుపు మీరే వేసి ఉంచండి.

ఆ బాధ్యతలు అమలులోకి వచ్చాక నోటీసులో తెలుగు కనిపించకపోతే, ముందుగా ఆ సైటు ఇచ్చిన ఫిర్యాదుల చిరునామాకే రాయాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతే డేటా పరిరక్షణ బోర్డుకు వెళ్లవచ్చు. మొదటి ఉత్తరంలో సైటు పేరు, తేదీ, తెరపై కనిపించిన పెట్టె ఫోటో జతచేసి, నోటీసు తెలుగులో కావాలని ఒక్క వాక్యం స్పష్టంగా రాస్తే చాలు. మీ అమ్మగారి పేరు మీదే రాయండి, ఆ హక్కు ఆవిడది.